గన్నేరు: గుర్తింపు, పెంపకం, కత్తిరింపుల విషయంలో జాగ్రత్తలు

తెలుగునాట గన్నేరు అనే పేరు ఒకే మొక్కకు పరిమితం కాదు. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు, దేవగన్నేరు, బిళ్ళ గన్నేరు అనే నాలుగూ అపోసైనేసి కుటుంబానికి చెందినవే అయినప్పటికీ వేర్వేరు ప్రజాతులకు చెందిన మొక్కలు. వీటి యాజమాన్యం, విషప్రభావం ఒకే విధంగా ఉండవు. కావున ఉద్యానాలకు, రహదారులకు గన్నేరును సిఫారసు చేసే ముందు సరియైన గుర్తింపు అవసరం. నీరియం ఒలియాండర్ అను శాస్త్రీయ నామం గల గన్నేరును గురించి ఈ వ్యాసంలో వివరించడమైనది.

గుర్తింపు లక్షణాలు

గన్నేరు సాధారణంగా 2 నుండి 4 మీటర్ల ఎత్తు పెరిగే సతతహరిత బహువార్షిక పొద. ఒక్కొక్క కణుపు వద్ద సాధారణంగా మూడేసి ఆకులు చక్రీయంగా అమరి ఉంటాయి. ఆకులు సన్నగా, పొడవుగా, తోలువలె దళసరిగా ఉండి, నడి ఈనె స్పష్టంగా కనిపిస్తుంది. తెలుపు, గులాబి, ఎరుపు రంగుల పూలు కొమ్మల చివర గుత్తులుగా పూస్తాయి. కాయలు పొడవుగా, జంటగా ఏర్పడతాయి. ఎండి పగిలినపుడు నూగు కుచ్చు గల గింజలు గాలికి ఎగిరిపోతాయి.

పచ్చ గన్నేరులో ఆకులు ఏకాంతరంగా ఉంటాయి. కాయ కండ గలిగి మూడు మూలలుగా ఉంటుంది. దీనిలో తెల్లని పూలు పూసే రకాలు కూడా ఉన్నందున పూల రంగును మాత్రమే ఆధారంగా తీసుకోరాదు. దేవగన్నేరుకు లావైన కొమ్మల చివర పెద్ద ఆకులు గుంపుగా ఉంటాయి. బిళ్ళ గన్నేరు పొట్టి మొక్క. దీని ఆకులు అభిముఖంగా ఉంటాయి. పూలు లేని కాలంలో పత్రవిన్యాసమే నమ్మదగిన గుర్తు.

పెంపకం

గన్నేరు ఆకు అడుగు భాగాన పత్రరంధ్రాలు నూగుతో నిండిన గుంటలలో ఉంటాయి. నీటి ఆవిరి నష్టం తగ్గడం వలన ఈ మొక్క బెట్టను బాగా తట్టుకుంటుంది. రహదారి విభాజకాలలో దీనిని విరివిగా నాటడానికి ఇది ఒక ముఖ్య కారణం.

వర్షాకాలంలో 15–20 సెం.మీ. పొడవు గల, కొంత ముదిరిన కొమ్మ ముక్కలను ఇసుక కలిపిన మట్టిలో నాటి మొక్కలను పెంచవచ్చును. పూర్తి ఎండ, మురుగు నిలువని నేల అనుకూలం. కొత్త చిగుళ్ళ చివర పూత వస్తుంది కనుక, ఒక విడత పూత ముగిసిన తరువాత కొమ్మలను కత్తిరించవలెను. లేత చిగుళ్ళపై పసుపు రంగు పేనుబంక ఆశించినట్లయితే ఆ భాగాలను త్రుంచివేయవలెను.

విషప్రభావం – జాగ్రత్తలు

గన్నేరు మొక్కలోని అన్ని భాగాలలోను ఒలియాండ్రిన్ మొదలగు గ్లైకోసైడ్లు ఉంటాయి. ఇవి గుండె లయను దెబ్బతీస్తాయి. పచ్చి ఆకు చేదుగా ఉండుటచే పశువులు సాధారణంగా దానిని ముట్టవు. అయితే ఆకు ఎండినా విషం పోదు. వాడిన కత్తిరింపులు మేతలో కలిసినపుడు పశువులు వాటిని తినే ప్రమాదం ఎక్కువ. కొద్దిపాటి ఆకులు సైతం ప్రాణాంతకం కావచ్చును.

కావున కత్తిరించిన కొమ్మలను అదే రోజు సేకరించి, పశువులకు అందని చోట లోతుగా పూడ్చవలెను. వాటిని కాల్చరాదు, పొగ కూడా హానికరం. పశువుల పాకలు, నీటి తొట్లు, బడి ఆవరణల సమీపంలో ఈ మొక్కను నాటరాదు. కత్తిరింపు పనివారు చేతి తొడుగులు ధరించవలెను. పశువు తిన్నదని అనుమానం కలిగిన వెంటనే, లక్షణాల కొరకు వేచి ఉండక, పశువైద్యుని సంప్రదించవలెను. మొక్కలను పంపిణీ చేసే సందర్భంలోనే విస్తరణ సిబ్బంది ఈ జాగ్రత్తలను రైతులకు తెలియజేయడం ఎంతైనా అవసరం.