రెక్కను బట్టి గూటిలో గడువు

దివ్య ఖుర్ఆన్ మనిషి చూపును పదే పదే తన చుట్టూ ఉన్న సృష్టి వైపు మళ్ళిస్తుంది. అల్ ముల్క్ అధ్యాయంలోని 19వ ఆయతు మన తలల మీదుగా ఎగిరే పక్షులను గమనించమంటుంది. అవి రెక్కలు చాచడాన్నీ, ముడుచుకోవడాన్నీ ప్రస్తావించి, వాటిని గాలిలో నిలుపుతున్నవాడు కరుణామయుడేనని గుర్తు చేస్తుంది. రోజూ చూసే దృశ్యమే కాబట్టి మనం దానిని అంతగా పట్టించుకోము. కాని పక్షి రెక్క ఆకారాన్నీ, ఆ రెక్క ఎదిగే తీరునూ కాస్త పరిశీలిస్తే సృష్టికర్త జ్ఞానం ముందు శిరస్సు వంగుతుంది. పిల్లల పెంపకంలో మనం తరచూ చేసే ఒక పొరపాటు కూడా అక్కడే కనిపిస్తుంది.

ఒక్కో జీవితానికి ఒక్కో రెక్క

పక్షి రెక్క పైభాగం కాస్త ఉబ్బెత్తుగా వంపు తిరిగి ఉంటుంది. ఆ రెక్క గాలిని కిందికి నెడితే, గాలి పక్షిని పైకి నెడుతుంది. అన్ని పక్షులకూ ఈ సూత్రం ఒక్కటే. రెక్క ఆకారం మాత్రం ఒక్కో పక్షికి ఒక్కో విధంగా ఉంటుంది.

మన ఇంటి చూరుల్లో తిరిగే పిచ్చుక రెక్క పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. పిల్లి దూకిన క్షణంలోనే అది పైకి లేవగలదు, పొదల కొమ్మల మధ్య చటుక్కున మలుపు తిరగగలదు. కాని సముద్రాలు దాటే ప్రయాణాలకు ఆ రెక్క తగినది కాదు. రాబందు రెక్క వెడల్పుగా ఉండి, చివరి ఈకలు చేతివేళ్ళలా విడివిడిగా ఉంటాయి. ఎండకు వేడెక్కి పైకి లేచే గాలిని ఆసరా చేసుకుని, రెక్క ఆడించకుండానే అది గంటల తరబడి ఆకాశంలో చక్కర్లు కొడుతుంది. దక్షిణ సముద్రాలపై తిరిగే పెద్ద ఆల్బట్రాస్ రెక్కలు సన్నగా, అతి పొడవుగా ఉంటాయి. రెండింటినీ చాస్తే ఈ కొస నుండి ఆ కొసకు మూడున్నర మీటర్ల వరకు ఉంటుంది. సముద్రపు గాలులపై వేల కిలోమీటర్లు సాగిపోయే ఆ పక్షి, గాలి స్తంభించిన రోజున మాత్రం నీటి మీది నుండి లేవడానికే ప్రయాసపడుతుంది.

అంటే ప్రతి రెక్కకూ ఒక వరం ఉంది, ఒక పరిమితి కూడా ఉంది. అన్నీ చేయగలిగే రెక్క ఏ పక్షికీ లేదు.

రెక్కలు ఉన్నంత మాత్రాన సరిపోదు కూడా. 9వ శతాబ్దంలో స్పెయిన్‌లోని ఖుర్తుబా నగరానికి చెందిన ముస్లిం పండితుడు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ ఒంటికి ఈకలు తొడిగి, రెక్కలు కట్టుకుని ఎగరడానికి ప్రయత్నించాడని చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ రాశాడు. ఆయన కొంత దూరం గాలిలో సాగి, దిగేటప్పుడు గాయపడ్డాడట. పక్షులు వాలేటప్పుడు తోకను ఆధారం చేసుకుంటాయి, ఆయన తోకను అమర్చుకోలేదన్నది ఆ కథనం చెప్పే కారణం. ఎగరడంతో పాటు దిగడం కూడా నేర్పితేనే ఆ విద్య పూర్తవుతుంది.

గూటిలో గడిచే కాలం

పిచ్చుక పిల్ల గుడ్డు నుండి బయటికి వచ్చిన సుమారు రెండు వారాలకే గూడు విడుస్తుంది. అప్పటికి దాని ఎగురుడు అంతంత మాత్రమే. కనుక ఆ తరువాత కూడా కొన్నాళ్ళు తల్లిదండ్రులు వెంట ఉండి నోటికి ఆహారం అందిస్తాయి.

యూరప్‌లో గూడు కట్టి, చలికాలాన్ని ఆఫ్రికాలో గడిపే స్విఫ్ట్ అనే పక్షిది వేరే కథ. దాని రెక్క కొడవలిలా సన్నగా, పొడవుగా ఉంటుంది. అది తినేదీ, నిద్రపోయేదీ గాలిలోనే. ఈ పక్షులలో కొన్ని పది నెలలపాటు నేల మీద వాలకుండా ఉండగలవని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2016లో వెల్లడించారు. అలాంటి జీవితానికి సిద్ధం కావలసిన పిల్ల గూటిలో సుమారు ఆరు వారాలు ఉంటుంది. చలివానలు పట్టుకుని పురుగులు దొరక్కపోతే ఇంకా ఎక్కువ రోజులు ఉండిపోతుంది. ఒక దశలో అది తల్లిదండ్రుల కంటే బరువెక్కుతుంది. గూడు విడిచే రోజు దగ్గరపడగానే క్రమంగా బరువు తగ్గుతుంది. రెక్కలను గూటి నేలకు ఆనించి, ఒంటిని పైకి లేపుతూ కసరత్తు కూడా చేస్తుంది. పరిశోధకులు కొన్ని పిల్లలకు చిన్న బరువులు తగిలించి చూస్తే, అవి ఆ మేరకు తమ ఒంటి బరువును తగ్గించుకున్నాయి. రెక్క మోయగలిగినంతకు దేహం చేరేవరకు పిల్ల బయలుదేరదు. ఒకసారి గూడు విడిచిందా, ఇక తల్లి వెంట రాదు, తిండి పెట్టదు. తొలి ప్రయాణమే దాని స్వతంత్ర జీవితం.

ఆల్బట్రాస్ పిల్లకైతే దాదాపు తొమ్మిది నెలలు పడుతుంది. ఈ తేడాలకు దేహ పరిమాణం, ఆహారం దొరికే తీరు కూడా కారణాలే. అయినా పిచ్చుక గడువును ఆల్బట్రాస్ పిల్లకు విధిస్తే దానికి మిగిలేది మరణమే.

సగం రెక్క వృథా కాదు

కౌజు జాతికి చెందిన చుకార్ అనే పక్షి పిల్లలపై అమెరికా శాస్త్రవేత్త కెన్నెత్ డయల్ చేసిన పరిశోధన 2003లో వెలువడింది. ఇంకా ఎగరలేని ఆ పిల్లలు తమ చిట్టి రెక్కలను ఆడిస్తూ, ఏటవాలు గట్లపైకి పరుగెత్తుకుంటూ ఎక్కేస్తాయి. రెక్కల ఊపు వాటి కాళ్ళకు పట్టునిస్తుంది. రెక్క పూర్తిగా ఎదగకపోయినా, ఆ వయసుకు తగిన పని అది చేస్తూనే ఉంది.

మన ఇంటి గూళ్ళు

ఇప్పుడు మన ఇళ్ళ వైపు చూద్దాం. “అన్నకు అన్ని మార్కులు వచ్చాయి, నీకేమైంది?”, “మీ పిన్ని కూతురు ఖుర్ఆన్ కంఠస్థం చేసేసింది, నువ్వింకా అక్కడే ఉన్నావా?” అనే మాటలు మనకు కొత్తవి కావు. అందరు పిల్లలకూ ఒకే కొలబద్ద, ఒకే గడువు. నిదానంగా ఎదిగే పిల్లవాడు తనలో ఏదో లోపం ఉందని నమ్మడం మొదలుపెడతాడు. అతనికి అల్లాహ్ ఏ రెక్కనిచ్చాడో తెలుసుకునే ఓపిక మనకు లేకపోవడమే ఇక్కడి అసలు లోపం. స్విఫ్ట్ పిల్ల గూటిలో ఊరికే కూర్చోవడం లేదు, కసరత్తు చేస్తోంది. కాబట్టి ఓపిక అంటే గాలికి వదిలేయడం కాదు. నేర్పవలసింది నేర్పుతూ, ఎదగవలసిన సమయాన్ని ఇవ్వడమే ఓపిక.

ఒక ప్రయాణంలో సహచరులు ఒక పక్షి పిల్లలను తీసుకున్నారు. తల్లి పక్షి వచ్చి రెక్కలు చాచి తల్లడిల్లింది. అది చూసిన దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) దానినెవరు బాధపెట్టారని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఎగరవలసిన ఘడియకు ముందే పిల్లను గూటి నుండి లాగడాన్ని కారుణ్యమూర్తి సహించలేదు.

అల్ ఇస్రా అధ్యాయంలోని 24వ ఆయతు తల్లిదండ్రుల ముందు వినయమనే రెక్కను వాల్చమని సంతానానికి బోధిస్తుంది. పసితనంలో తమను పెంచిన తీరును తలచుకుని, వారిపై కరుణ చూపమని ప్రభువును వేడుకోవడం కూడా అక్కడే నేర్పుతుంది. రేపు ఆ దుఆ చేయబోయే పిల్లలకు తలచుకోవడానికి ఈరోజు మనం ఎలాంటి పెంపకాన్ని ఇస్తున్నాం?

ఈ సాయంత్రం అస్ర్ నమాజు తరువాత పిల్లలను వెంటబెట్టుకుని ఆరుబయట కాసేపు నిలబడండి. గూళ్ళకు మళ్ళుతున్న పక్షుల రెక్కలను చూపించండి. ఏ రెండు జాతుల రెక్కలూ ఒకేలా లేవని వారే కనిపెడతారు, ఇన్షా అల్లాహ్.