ఇంగ్లీషు తరగతిలో పునశ్చరణ : పంచాయతీ సభ్యులు గమనింపదగిన విషయములు

వేసవి సెలవుల పిదప జూన్ మాసమున బడులు తెరవగనే ఉపాధ్యాయులు కొన్ని దినములు పాత పాఠములను మరల జ్ఞప్తికి తెత్తురు. దీనినే పునశ్చరణ మందురు. విత్తుటకు ముందు దుక్కి యెట్టిదో, క్రొత్త పాఠమునకు ముందు పునశ్చరణ మట్టిది. ఇతర విషయముల కంటె ఇంగ్లీషునకు ఇది మిక్కిలి అవసరము. లెక్కలు అంగడిలోనైనను అభ్యాసమగును. తెలుగు ఇంటనే వినబడును. ఇంగ్లీషు మాత్రము పల్లెటూరి బిడ్డకు బడి గడప దాటిన పిదప వినబడుట అరుదు. సెలవులలో నేర్చినది మరుగున పడును. నేడు పెక్కు ప్రభుత్వ పాఠశాలలలో గణితము, విజ్ఞానశాస్త్రము గూడ ఇంగ్లీషుననే బోధింపబడుచున్నందున, ఆ భాషలో తడబడిన బిడ్డ అన్నిటను వెనుకబడు ప్రమాదము కలదు.

"మాకు ఇంగ్లీషు రాదు, ఆ తరగతిని గూర్చి మేమేమి తెలిసికొనగలము?" అని కొందరు సభ్యులు సందేహింతురు. ఇంగ్లీషు రానివారు గూడ గమనింపగల విషయములు అందు గలవు. వానిని ఇచట వివరించుచున్నాము.

కథ యొక్క అంగములు

సాహిత్యాంశములనగా భయపడవలసిన పని లేదు. బుర్రకథ విన్న ప్రతివారికిని అవి తెలిసినవే. కథలో పాత్రలెవరు? అది ఎచట, ఎప్పుడు జరిగినది? వారికి కలిగిన చిక్కు ఏమి? అది ఎట్లు తీరినది? దాని వలన మనకు తెలియునదేమి? ఈ ప్రశ్నలకు సమాధానములే పాత్రలు, స్థలకాలములు, సంఘర్షణ, కథాగమనము, కథాసారము.

పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలోని పావురముల కథను తీసికొందము. చిత్రగ్రీవుడను రాజుతో గూడ పావురములు వేటగాని వలలో చిక్కుకొనుట సంఘర్షణ. అన్నియు ఒక్కపెట్టున వలతో ఎగిరిపోవుట, హిరణ్యకుడను ఎలుక వలను కొరికి విడిపించుట కథాగమనము. ముందుగా తన పరివారము కట్లు తెంపుమని చిత్రగ్రీవుడు కోరుట వలన అతని స్వభావము మనకు తెలియును. ఐకమత్యము, స్నేహము ఆపదను దాటించునని గ్రహించుట కథాసారము. ఇట్లు తెలుగు కథను పరిశీలించుట నేర్చిన బాలిక, ఇంగ్లీషు పుస్తకములోని క్రొత్త కథకు గూడ ఇవే ప్రశ్నలు వేసికొనగలదు.

వాక్యమును కూర్చుట

వ్యాకరణమున మన పిల్లలు చేయు తప్పులు పెక్కు సోమరితనము వలన గాక, మాతృభాష అలవాటు వలన వచ్చుచున్నవి. తెలుగున క్రియ సాధారణముగా వాక్యము చివర నుండును: "సీత పాలు త్రాగుచున్నది". ఇంగ్లీషున అది నడుమకు వచ్చును: "సీత ఈజ్ డ్రింకింగ్ మిల్క్". తెలుగున "వచ్చితిని" అన్న ఒక్కమాటతోనే వచ్చినది నేనని తెలియును. ఇంగ్లీషున "కేమ్" అన్నచో వచ్చినదెవరో తెలియదు. "ఐ కేమ్" అనవలెను. "ఇది బడి" అను మన వాక్యమున క్రియయే లేదు. ఇంగ్లీషున "దిస్ ఈజ్ ఎ స్కూల్" అని "ఈజ్", "ఎ" అను రెండు చిన్న మాటలను చేర్చవలెను. మనము "చెట్టు మీద" అందుము. వారు "మీద" అను మాటను ముందునకు తెచ్చి "ఆన్ ది ట్రీ" అందురు.

ఉపాధ్యాయుడు దినమునకు ఒక్క భేదమును తీసికొని, చదివిన కథలోని వాక్యములతోనే సాధన చేయించుట మేలు. "ది బర్డ్స్ ఫ్లై" అనగా పక్షులు ఎగురును. నిన్న జరిగినదైనచో "ది బర్డ్స్ ఫ్లూ". ఇట్లయిన కథయు వ్యాకరణమును జతగా నిలుచును.

సభ్యులు చూడదగినవి

ఒక గ్రామ పాఠశాలలో ఏడవ తరగతి నోటుపుస్తకములను మేము చూచితిమి. అన్నిటను ఒకే సమాధానము, ఒకే అక్షరదోషముతో సహా కనబడినది. నల్లబల్లపై నున్నదానిని అందరును దించుకొనిరి. ఆ కథలో ఎవరికి ఏ కష్టము వచ్చినదని ఒక బాలికను తెలుగుననే అడిగితిమి. ఆమె తల వంచుకొన్నది. పుస్తకము నిండినది గాని ఆమెకు దక్కినది లేదు.

కావున సభ్యులు మూడు విషయములు చూడవలెను. నోటుపుస్తకములలో ఒక్కొక్కరి వాక్యములు వేరువేరుగా నున్నవా? పిల్లలు కథను తెలుగున చెప్పగలుగుచున్నారా? తప్పు వ్రాసినపుడు అది ఏల తప్పో వారికి తెలియజెప్పబడుచున్నదా?

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణముచే చేర్చబడిన 11వ షెడ్యూలులో పంచాయతీల కప్పగింపదగిన విషయములలో విద్య, గ్రంథాలయములు గలవు. 2009 విద్యాహక్కు చట్టము ననుసరించి ఏర్పడు పాఠశాల యాజమాన్య సంఘములలో నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని ఉండవలెను. స్థానిక సంస్థల ప్రతినిధులకును వానిలో స్థానము కలదు. ఈ విషయములను ఆ సంఘములో ఉపాధ్యాయునితో స్నేహభావమున చర్చింపవలెను. నలుగురిలో నిలదీసిన ప్రయోజనము లేదు. ఆయనకు కావలసిన కథల పుస్తకములెవ్వియో అడిగి, గ్రామ గ్రంథాలయమునకు తెప్పించుట మన చేతిలోని పని. సాయంకాలము ఇంటికి వచ్చిన బిడ్డను "ఈ దినము ఏ కథ చదివితివి? అందులో ఎవరికి ఏ చిక్కు వచ్చినది?" అని అడుగుటకు ఏ తల్లికిని ఇంగ్లీషు రానవసరము లేదు.