మంచు మీద పన్నెండు మంది, వెనుక వేల మంది

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ గుర్తుకు వస్తాడు. పచ్చని మైదానం, వంకర కర్ర, తెల్లని బంతి కళ్ళ ముందు కదులుతాయి. కాని కెనడాలో హాకీ అంటే మంచుగడ్డ మీద ఆడే ఆటే. అక్కడ బంతి ఉండదు. సుమారు 7.6 సెంటీమీటర్ల వ్యాసం, 2.5 సెంటీమీటర్ల మందం ఉన్న నల్లని రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాన్ని 'పక్' అంటారు. ఆటకు ముందు ఈ బిళ్ళను గడ్డకట్టేంతగా చల్లబరుస్తారు. ఎందుకో ఊహించగలరా? వెచ్చగా ఉన్న రబ్బరు బంతిలా ఎగురుతుంది; చల్లబడిన రబ్బరు మంచు మీద బుద్ధిగా జారుతుంది.

ఈ ఆటను నాలుగు గోడల మధ్య, నియమాలు పెట్టుకుని ఆడటం 1875 మార్చి 3న మాంట్రియల్ నగరంలో మొదలయింది. 1917లో నేషనల్ హాకీ లీగ్ ఏర్పడింది. ఇప్పుడు అందులో అమెరికా, కెనడాలకు చెందిన 32 జట్లున్నాయి. ఒక్కో జట్టు జాబితాలో 23 మందికి మించకూడదు. లెక్క కట్టండి: మొత్తం 736 స్థానాలు. కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్ వంటి దేశాల్లో స్కేట్లు కట్టుకున్న ప్రతి కుర్రవాడి కలా ఈ 736లో ఒకటి కావడమే! మరి మిగిలినవారి సంగతేమిటి? ఆ స్థానం దక్కినవాడు కూడా ముప్పై ఏళ్ళు దాటాక ఏం చేస్తాడు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుకుదాం.

మంచును తయారుచేసేవారు

ఎండ మండే ఫ్లోరిడాలోనూ ఈ ఆట ఆడుతున్నారు. అంటే మంచు ఆకాశం నుంచి రాలేదు, మనిషే తయారుచేశాడన్నమాట. కాంక్రీటు నేల లోపల గొట్టాలు పరిచి ఉంటాయి. శీతలీకరణ యంత్రం చల్లబరిచిన ఉప్పునీరు ఆ గొట్టాల్లో ప్రవహిస్తుంది. మామూలు నీరు సున్నా డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. కాల్షియం క్లోరైడ్ కలిపిన నీరు అంతకంటే చాలా తక్కువ ఉష్ణోగ్రతలోనూ ద్రవంగానే ఉంటుంది. అందుకే దాన్ని వాడతారు. నేల మీద నీటిని పలుచని పొరలుగా చల్లుతూ, ఒకటి గడ్డకట్టాక ఇంకొకటి చేరుస్తూ పోతారు. మధ్యలో తెల్లరంగు వేసి, గీతలు గీసి, మళ్ళీ పొరలు వేస్తారు. చివరికి మంచు మందం మూడు సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ, అంతే!

మంచు ఉష్ణోగ్రతను మైనస్ 5 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపుల్లో ఉంచాలి. మరీ చల్లబడితే మంచు పెళుసై పెచ్చులూడుతుంది. వేడెక్కితే మెత్తబడి బిళ్ళ వేగం తగ్గుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ఊరకే కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని వెలువరిస్తుంది. 18 వేల మంది ప్రేక్షకులు వస్తే? 18 లక్షల వాట్లు! దానికి తోడు వారి ఊపిరిలోని తేమ. వీటన్నిటినీ లెక్కలోకి తీసుకుని యంత్రాలను నడిపే సాంకేతిక నిపుణుడు తప్పటడుగు వేస్తే, ఎంత గొప్ప ఆటగాడికైనా కాలు నిలవదు.

ఆట విరామాల్లో గీతలు పడిన మంచును ఒక బండి వచ్చి అద్దంలా చేస్తుంది. ఆ బండిని కనిపెట్టిన ఫ్రాంక్ జాంబోనీ ఆటగాడు కాడు, ఐసుగడ్డల వ్యాపారి. ఇళ్ళలోకి రిఫ్రిజిరేటర్లు రాగానే ఆయన వ్యాపారం దెబ్బతింది. చల్లబరచడం తెలిసిన మనిషి కనుక 1940లో కాలిఫోర్నియాలో స్కేటింగ్ రింకు కట్టాడు. మంచును చదును చేయడానికి కొందరు మనుషులు గంటకు పైగా శ్రమపడటం చూసి, ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, 1949లో యంత్రాన్ని సాధించాడు. అది పై పొరను చెక్కుతుంది, కడుగుతుంది, ఆపైన పలుచగా వేడినీరు పరుస్తుంది. వేడినీరెందుకు? అందులో కరిగి ఉన్న గాలి తక్కువ. పైగా అది కింది మంచును కొద్దిగా కరిగించి దానితో ఏకమవుతుంది. అందువల్ల మంచు గట్టిగా, స్వచ్ఛంగా ఏర్పడుతుంది.

ముసుగు వెనుక ముఖం

గోల్ కాపలాదారు పని మరీ ప్రమాదకరం. రాయిలా గట్టిపడిన బిళ్ళ గంటకు 150 కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకు రావచ్చు. అయినా ఒకప్పుడు వారు ముఖానికి ఏ రక్షణా లేకుండానే నిలబడేవారు. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో బిళ్ళ తగిలి జాక్ ప్లాంట్ ముఖం చీలింది. కుట్లు వేయించుకుని తిరిగి వచ్చిన ప్లాంట్, ముసుగు లేకుండా ఆడనని పట్టుబట్టాడు. ఆ ముసుగును రూపొందించిన బిల్ బర్చ్‌మోర్ ఫైబర్‌గ్లాస్ కంపెనీలో అమ్మకాల ఉద్యోగి. తనకు తెలిసిన పదార్థం ఆటగాడి ముఖాన్ని కాపాడగలదని ఆయనకు తోచింది. అంతే, ఆట రూపమే మారింది.

గాయం తగిలాక ఆదుకునేవారి మాటేమిటి? 1989 మార్చి 22న బఫెలో నగరంలో, ప్రత్యర్థి స్కేటు అంచు తగిలి గోల్ కాపలాదారు క్లింట్ మలార్చుక్ మెడలోని పెద్ద సిర తెగింది. నెత్తురు మంచు మీద కారిపోతోంది. జట్టు చికిత్సకుడు జిమ్ పిజుటెల్లి పరుగున వెళ్ళి, తెగిన నాళాన్ని చేత్తో నొక్కి పట్టాడు. ఆయన వియత్నాం యుద్ధంలో సైనికులకు వైద్య సహాయం చేసినవాడు. మలార్చుక్ బతికాడు, రెండు వారాలు తిరగకముందే మళ్ళీ గోలు ముందు నిలబడ్డాడు. శరీరం కోలుకున్నా మనసు చాలా ఏళ్ళు కోలుకోలేదు. తరువాతి కాలంలో ఆయన గోల్ కాపలాదారులకు శిక్షకుడయ్యాడు, గుర్రాల పళ్ళకు వైద్యం చేసే పనీ చేపట్టాడు.

గుమాస్తా లెక్కలు, పంజాబీ మాటలు

ఒక జట్టుకున్న ఇద్దరు గోల్ కాపలాదారులూ గాయపడితే ఎలా? స్థానికుల్లో ఒకరిని స్టేడియంలో సిద్ధంగా ఉంచే పద్ధతి వచ్చింది. 2018 మార్చి 29న షికాగోలో అలా దిగిన స్కాట్ ఫాస్టర్ వృత్తిరీత్యా అకౌంటెంటు. 14 నిమిషాల్లో తన మీదికి వచ్చిన ఏడు షాట్లనూ ఆపి, మళ్ళీ తన పద్దు పుస్తకాల దగ్గరికి వెళ్ళిపోయాడు. 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో 42 ఏళ్ళ డేవిడ్ ఏర్స్ దిగాడు. ఆయన ఒక రింకు నిర్వహణ చూసే ఉద్యోగి. జాంబోనీ బండి నడిపినవాడు. 2004లో తల్లి ఇచ్చిన మూత్రపిండంతో బతుకుతున్న మనిషి! మొదటి రెండు షాట్లు గోలులోకి పోయాయి. తరువాతి ఎనిమిదింటినీ ఆపాడు. కరొలినా జట్టు 6-3తో గెలిచింది.

ఆటను ప్రేక్షకులకు చేరవేసే వృత్తులూ ఉన్నాయి. 2008లో కెనడాలో పంజాబీ వ్యాఖ్యానం మొదలయింది. హర్‌నారాయణ్ సింగ్ అనే యువకుడు అందులో పేరు తెచ్చుకున్నాడు. పక్‌కు పంజాబీలో ఏ మాట వాడాలి? ఆలూ టిక్కీ గుర్తుకు వచ్చింది. బిళ్ళ 'టిక్కీ' అయింది. కొత్త మాట కోసం నిఘంటువు తిరగేయక్కరలేదు, వంటింట్లోకి చూసినా చాలు! ఇళ్ళలో తాతలూ అమ్మమ్మలూ కూడా మనవలతో కలిసి ఆట చూడసాగారు. 2021లో ఆయన లీగు మ్యాచ్‌కు ఇంగ్లీషులోనూ వ్యాఖ్యానం చెప్పాడు. అదే ఏడాది నుంచి బిళ్ళలోనూ ఆటగాళ్ళ చొక్కాలలోనూ అమర్చిన పరికరాలు ప్రతి కదలికనూ నమోదు చేస్తున్నాయి. ఆ అంకెల రాశిని చదివి అర్థం చెప్పడానికి గణితం, కంప్యూటరు తెలిసినవారు కావాలి.

ఆట ముగిశాక

ఇక రెండవ ప్రశ్న. ఉద్యోగి అరవైకి చేరువలో విరమిస్తాడు. ఆటగాడికి ముప్పైలలోనే ఆ రోజు వస్తుంది. ఒక్క గాయంతో ఇంకా ముందే రావచ్చు. ఈ ఆటలో పిడికిళ్ళతో తలపడటమే పనిగా ఉన్న ఆటగాళ్ళూ ఉండేవారు. అలాంటి డెరెక్ బూగార్డ్ 2011లో 28 ఏళ్ళకే, నొప్పి మాత్రలు, మద్యం కలిసి వికటించి మరణించాడు. పరీక్షించిన శాస్త్రజ్ఞులకు అతని మెదడులో, పదే పదే దెబ్బలు తగిలినవారిలో కనిపించే క్షీణత కనిపించింది.

అందుకే కొందరు ముందుచూపుతో నడిచారు. మాంట్రియల్ జట్టుకు ఆరుసార్లు స్టాన్లీ కప్పు గెలిచిపెట్టడంలో పాలుపంచుకున్న కెన్ డ్రైడెన్, ఆడుతూనే న్యాయశాస్త్రం చదివాడు. జీతం దగ్గర పేచీ వచ్చినప్పుడు 1973-74లో ఆట మాని, న్యాయవాద శిక్షణకు వెళ్ళాడు. 31 ఏళ్ళకు స్కేట్లు విప్పేసి రచయిత అయ్యాడు. 2004 నుంచి 2006 వరకు కెనడా ప్రభుత్వంలో మంత్రిగా ఉన్నాడు. 2025లో కన్నుమూశాడు. ఎడ్మంటన్ జట్టుతో ఐదు కప్పులు గెలిచిన రాండీ గ్రెగ్, జట్టులో చేరకముందే వైద్యపట్టా పొందినవాడు. నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన హేలీ వికెన్‌హైజర్ 2021లో డాక్టరైంది, మరుసటి ఏడాది టొరంటో జట్టు నిర్వాహకవర్గంలో ఉన్నత పదవి అందుకుంది. మహిళలకు ఇప్పుడున్న వృత్తి లీగు మొదలయింది 2024 జనవరిలోనే. అంతకు ముందు వారిలో చాలామందికి ఇంకో ఉద్యోగం తప్పనిసరి.

మన దేశంలో ఈ ఆటకు ముఖ్యమైన కేంద్రం లడఖ్. చెరువులు గడ్డకట్టే చలికాలంలో అక్కడి పిల్లలు సహజమైన మంచు మీదే ఆడతారు. అలా ఎదిగిన అమ్మాయిలతో నిండిన భారత మహిళల జట్టు 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌పై తొలి అంతర్జాతీయ విజయం సాధించింది. 2025లో ఆసియా కప్పులో కాంస్యం గెలిచింది.

'ఆటా? చదువా?' అని ఇంట్లో వాదన జరిగినప్పుడు, ఈ రెండూ ఎదురెదురు గట్లని ముందే అనుకోకండి. 736 స్థానాల లెక్కను మరచిపోకండి. ఆ 736 మందిని నిలబెట్టే చేతుల లెక్కనూ మరచిపోకండి. మీకు నచ్చిన ఆట ఏదైనా సరే, ఈసారి చూసేటప్పుడు ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. పిచ్ తయారుచేసే మనిషి నుంచి అంకెలు రాసే మనిషి వరకు, కనిపించిన ప్రతి వృత్తినీ రాయండి. ఒక్కొక్క దాని పక్కన మీ పాఠ్యపుస్తకాల్లో ఏది దానికి పనికొస్తుందో గుర్తించండి. ఖాళీగా మిగిలే వరుసలు చాలా తక్కువని మీకే తెలుస్తుంది.