పసుపు పూసిన అంచు



పూర్వం ఇంటికి ఉత్తరం వస్తే, విప్పకముందే సంగతి తెలిసిపోయేది. అంచులకు పసుపు పూసి వుంటే శుభవార్త. మూల చింపి వుంటే ఎవరో పోయారన్నమాట. దాన్ని గుమ్మం బయటే చదివి చింపేసేవారు. ఈనాటి ఈమెయిలుకు ఆ పసుపు అంచు ఏదమ్మా అంటే, పైన వుండే 'సబ్జెక్టు' అనే ఒక్క వరస. అర్జీల్లో 'విషయం' అని రాస్తామే, అదే. పచ్చళ్ళు, పొడులు, చీరలు ఇంట్లోనే అమ్ముకుంటూ ఈమెయిళ్ళు పంపే ఆడవాళ్ళు మనలో చాలామంది వున్నారు గనుక, ఇవాళ దాన్ని గురించి నాలుగు మాటలు చెబుతాను.

ముందు మా ఆడపడుచు సంగతి వినండి. ఏటా వేసవిలో ఆవకాయ, మాగాయ పెట్టి అమ్ముతుంది. పిల్లవాడి కాలేజీ ఫీజు ఆ అమ్మకం మీదే. ఒక ఏడు, పాత ఖాతాదార్లు రెండు వందలమందికి 'నమస్కారం' అని పైన పెట్టి ఈమెయిలు పంపింది. లోపల ధరలు, బరువులు అన్నీ చక్కగానే రాసింది. జవాబిచ్చింది ఆరుగురు. జాడీలు ఎక్కడివక్కడే వున్నాయి. కంగారుపడి, వారం తిరక్కుండా 'మీ ఆర్డరు గురించి – అత్యవసరం' అని ఇంకొకటి పంపింది. ఈసారి జవాబులు బాగానే వచ్చాయి, చీవాట్లతో! మేమివ్వని ఆర్డరేమిటి, ఈ అత్యవసరమేమిటి అని. పదేళ్ళుగా కొంటున్న ఒకావిడ, 'నా పేరు తీసెయ్యమ్మా' అని ఒక్క ముక్క రాశారు. పచ్చడి మిగిలినందుకు కాదు, ఆ ముక్కకు మా ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మొదటి వరస ఏమీ చెప్పలేదు. రెండవది అబద్ధం చెప్పింది. బాకీ అడిగే ఉత్తరానికి పసుపు పూసి పంపితే ఎలా వుంటుందో ఆలోచించండి!

మరి ఎలా రాయాలి? అసలు సంగతి మొదట్లోనే రావాలి. సెల్‌ఫోను తెర మీద సుమారు ముప్ఫై, నలభై అక్షరాలే కనపడతాయి; మిగతాది చుక్కల్లో కలిసిపోతుంది. 'మా గృహ పరిశ్రమ తరఫున మీకూ, మీ కుటుంబ సభ్యులకూ' అని మొదలుపెడితే ఆవకాయ దాకా రానేరాదు. మాటకింతని డబ్బు కట్టి తంతి కొట్టిన రోజులు జ్ఞాపకం చేసుకోండి. ఆ తంతి 2013 జూలైలో ఆగిపోయింది గాని, ఆ పొదుపు మనకింకా కావాలి.

రెండవది, వస్తువు పేరూ, తేదీ వుండాలి. 'ప్రత్యేక అవకాశం' అంటే ఎవరికేం తెలుస్తుంది? 'కొత్తావకాయ – మే 20 లోపు చెప్పండి' అంటే అంతా తెలుస్తుంది.

మూడవది, సబ్జెక్టు పక్కనో కిందనో ఉత్తరంలోని మొదటి వాక్యం కూడా కొంచెం కనపడుతుంది. అక్కడ మళ్ళీ అదే మాట రాయకండి. 'ఈసారి వెల్లుల్లి లేకుండా కూడా పెట్టాను' లాంటి కొత్త సంగతి రాయండి. పంపినవారి పేరు దగ్గర కూడా వట్టి చిరునామా కాక, కొనేవాళ్ళు గుర్తుపట్టే పేరుండాలి. చాలామంది ముందు చూసేది దాన్నే.

నాలుగవది, కేకలు వద్దు. వరసగా ఆశ్చర్యార్థకాలు, 'త్వరపడండి' అన్న బెదిరింపులు సంతలో అరుపుల్లా వుంటాయి. విసుగెత్తి 'స్పామ్' మీట నొక్కేవాళ్ళు ఎక్కువైతే, తర్వాత మీరు ఎంత మంచి ఉత్తరం రాసినా చెత్తబుట్టలోకే పోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం నిజం. ఎవరూ రాయని ఉత్తరానికి జవాబిస్తున్నట్టు 'రీ' అని పెట్టటం కూడా మోసమే. అమెరికాలో 2003లో చేసిన చట్టం, వ్యాపార ఈమెయిళ్ళకు మోసపుచ్చే సబ్జెక్టు పెట్టకూడదంటుంది. వద్దన్నవారి పేరు తీసెయ్యాలని కూడా అంటుంది. అక్కడున్న మనవాళ్ళకు పచ్చళ్ళు పంపేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఏ వరస మంచిదో తేలకపోతే, సగంమందికి ఒకటి, సగంమందికి ఇంకొకటి పంపి చూడండి. కాని ఎందరు విప్పారన్న లెక్కను పూర్తిగా నమ్మకండి. 2021 నుంచి ఆపిల్ ఫోన్లలో మనిషి చూడకపోయినా విప్పినట్టే లెక్కకు రావచ్చు. ఎందరు ఆర్డరిచ్చారో అదే లెక్క.

మరుసటి ఏడు మా ఆడపడుచు 'కొత్తావకాయ కలిపాను – మే 20 దాకా ఆర్డర్లు' అని రాసింది. నెలాఖరుకు జాడీలు ఖాళీ అయ్యాయి. ఆ పదేళ్ళ ఖాతాదారుకు మాత్రం ఆ ఈమెయిలు పోలేదు. తీసెయ్యమన్నారు గనుక పేరు తీసేసింది. ఆవిడకు మనం చూపగలిగిన మర్యాద ఇక అదొక్కటే.

సెలవు.