దుమ్ముగూడెపు లాకులు

బస్తరు అడవులను దాటి, చిత్రకోట కడ క్రిందికి దుమికి, గోదావరిలో కలిసిన ఇంద్రావతి నీరు భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెపు రాళ్లమీదుగా సాగును. ఆ రాళ్లే యొక కాలువకు కారణమైనవి.

1852లో ధవళేశ్వరపు ఆనకట్టను ముగించిన ఆర్థర్ కాటన్ అంతటితో తృప్తిపడలేదు. నాగపూరు, వార్ధా ప్రాంతముల ప్రత్తిని పడవలపై కాకినాడ రేవునకు చేర్పవలెనని ఆయన తలంపు. నదీమార్గమున మూడు రాతి అడ్డంకులుండెను. వానిలో మొదటిది దుమ్ముగూడెము. రాళ్లను తప్పించి ప్రక్కగా కాలువ త్రవ్వి, నీటిమట్టము మాఱు చోట లాకు కట్టుటయే ఉపాయము. లాకనగా రెండు తలుపుల నడిమి నీటిగది. పడవ లోనికి వచ్చినపిమ్మట వెనుక తలుపు మూసి నీరు నింపినచో పడవ లేచును, విడిచినచో దిగును. తమిళ తెలుగుల ఆనకట్ట ఇంగ్లీషువారి నోట 'అనికట్' అయినది. వారి 'లాక్' మన నోట లాకైనది. అప్పు చెల్లు!

ఇంగ్లండున ఇట్టి లాకులచేతనే కళకళలాడిన పల్లెలు పెక్కు. నార్తాంప్టన్‌షైరులోని స్టోక్ బ్రూయర్న్ అట్టిది. రైలు వచ్చి సరకును లాగికొన్నను, 1963లో వెలసిన కాలువల ప్రదర్శనశాలవలన ఆ పల్లెకు నేటికిని సందడి కలదు. దుమ్ముగూడెమునకు ఆ భాగ్యము లేకపోయినది. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరినది. ప్రత్తి అటు మరలినది. 1871లో ఎగువగోదావరి పనులు నిలిపివేయబడినవి.

అయితే పనులతోపాటు మనుష్యులును వచ్చియుండిరి. ఇంజనీరైన కెప్టెన్ హెయిగ్ ప్రోత్సాహమున అచట క్రైస్తవ మిషను నెలకొన్నది. తరువాత వచ్చిన జాన్ కెయిన్ మతాచార్యుడు కోయల ఆచారములను, నమ్మకములను విని 'ఇండియన్ ఆంటిక్వరీ'లో ప్రకటించెను. కఱవు, కలహముల వలన బస్తరు ఎత్తునేలలనుండి దిగివచ్చితిమని కోయలు చెప్పుకొను ఐతిహ్యము అందొకటి. 1909లో థర్‌స్టన్ తన బృహద్గ్రంథమున కెయిన్ వ్రాతలను విరివిగా వాడుకొనెను. మన పొరుగువారినిగూర్చి మనలో పెక్కుమంది తెలిసికొన్నది ఈ ఇంగ్లీషు పుటలనుండియే. తెలుగు రచయిత ఇందుకు కొంత సిగ్గుపడుట న్యాయమే. కెయిన్ చేసినది అసాధ్యమేమియు కాదు. అచట నివసించి, అడిగి, వినెను.

1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మధ్యపరగణాలనుండి గోదావరి జిల్లాకు మాఱినవి. బస్తరు సంస్థానము ఆవలనే నిలిచినది. నేడు దుమ్ముగూడెము తెలంగాణమున, బస్తరు ఛత్తీస్‌గఢమున కలవు. గోండీకి దాయాదియైన కోయభాష మాత్రము ఆ సరిహద్దునకు ఇరుప్రక్కలను వినబడును.