కెమికల్ ఇంజినీరింగ్ చదవాలంటే ఏ యూనివర్సిటీ? తల్లిదండ్రులు, విద్యార్థులు తెలుసుకోవాల్సిన విషయాలు



ఇంజినీరింగ్ అనగానే మన ఇళ్లల్లో మొదట గుర్తొచ్చేది కంప్యూటరే. కెమికల్ అంటే చాలు, "ఆ ఘాటు వాసనల్లో మా పిల్లకేం పని?" అంటారు పెద్దలు. కానీ చద్దర్లు, టవళ్లు నేసే సోలాపూర్‌కు ఈ చదువు పరాయిది కాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ చదువులో ఏముంటుంది?

నూలుకు రంగు వేసే చోటును తలచుకోండి. నూలును ఉడకబెట్టాలి, తెల్లగా చేయాలి, రంగులో ముంచాలి, ఉతకాలి, ఆరబెట్టాలి. కిలో నూలుకు ఎన్ని లీటర్ల నీళ్లు కావాలి? ఎంత ఆవిరి పెట్టాలి? వేసిన రంగులో నూలుకు పట్టిందెంత, నీళ్లలో పోయిందెంత? ఆ మురికి నీటిని శుభ్రం చేసి మళ్లీ ఎలా వాడాలి? ఈ ప్రశ్నలకు లెక్క కట్టి జవాబు చెప్పేదే కెమికల్ ఇంజినీరింగ్. రంగుల మాస్టారు అనుభవంతో పట్టుకునేదాన్ని ఇంజినీరు లెక్కతో పట్టుకుంటాడు. కాబట్టి ఇందులో కెమిస్ట్రీ ఒక్కటే సరిపోదు, గణితం, ఫిజిక్స్ కూడా అంతే గట్టిగా రావాలి.

ముంబై యూనివర్సిటీ 1933 అక్టోబర్ 1న కెమికల్ టెక్నాలజీ విభాగం పెట్టినప్పుడు రెండు కోర్సులతో మొదలుపెట్టింది. ఒకటి కెమికల్ ఇంజినీరింగ్, రెండోది బట్టల కెమిస్ట్రీ. మిల్లుల ఊరికి ఆ రెండూ కావాల్సి వచ్చాయి. మాటుంగాలో ఉన్న ఆ విభాగమే ఇప్పటి ఐసీటీ.

ఉద్యోగం రంగుల దగ్గరే అని కాదు. మందులు, ఎరువులు, పెట్రోలు శుద్ధి, చక్కెర, ఇథనాల్, సిమెంటు, తాగునీరు, అన్నిచోట్లా పని ఉంటుంది. మన దగ్గరే తామల్‌వాడి, చించోళిలో బాలాజీ అమైన్స్ ఫ్యాక్టరీలున్నాయి, జిల్లాలో చక్కెర ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి.

ఏ దారిన ఎక్కడికి?

మహారాష్ట్ర కాలేజీలకు ఎంహెచ్‌టీ-సీఈటీ రాయాలి. ఇది 200 మార్కుల పరీక్ష. ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50, గణితం 100. తప్పు జవాబుకు మార్కులు తీయరు. ముంబై ఐసీటీ, నాగ్‌పూర్‌లో 1942లో మొదలైన లక్ష్మీనారాయణ్ సంస్థ, లోణేరేలోని బాబాసాహెబ్ అంబేడ్కర్ టెక్నలాజికల్ యూనివర్సిటీ ఈ దారిలో చూడదగ్గవి. బట్టల తయారీ వైపే వెళ్లాలనుకునేవాళ్లు ఇచల్‌కరంజిలోని డీకేటీఈని కూడా చూడండి.

ఎన్‌ఐటీలకు జేఈఈ మెయిన్ రాయాలి. ఐఐటీలకు ఆ తర్వాత జేఈఈ అడ్వాన్స్‌డ్ కూడా ఉంటుంది. ఇక్కడ మనవాళ్లు పొరబడేది ఒకటుంది. "మనది తెలుగు, మన మూలాలు తెలంగాణలో ఉన్నాయి, వరంగల్‌లో సీటు తేలిక" అనుకుంటారు. అలా కాదు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు ఉంటాయి. సొంత రాష్ట్రం అంటే మాతృభాష చూడరు, పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారో చూస్తారు. సోలాపూర్‌లో పాసైన పిల్లలకు సొంత ఎన్‌ఐటీ నాగ్‌పూర్ వీఎన్‌ఐటీ. వరంగల్‌కు వెళ్లొచ్చు, కానీ మిగతా రాష్ట్రాల పిల్లలతో పోటీ పడాలి.

ఇంకో మాట. జేఈఈ మెయిన్ పేపరు తెలుగులో ఉంటుంది, కానీ ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే. మహారాష్ట్ర కేంద్రాల్లో ఇంగ్లీషు, హిందీ, మరాఠీల్లో దొరుకుతుంది. కాబట్టి సైన్సు పదాలను తెలుగులో అర్థం చేసుకుంటూనే ఇంగ్లీషులో కూడా ఇప్పటినుంచే రాసుకోవడం అలవాటు చేసుకోండి.

కాలేజీని ఎలా చూడాలి?

బిల్డింగ్ చూసి, బంధువుల మాట విని ఫారం నింపకండి. ఈ ప్రశ్నలు అడగండి.

1. కెమికల్ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు ఉందా? న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ ఒక్కో కోర్సుకు ఇస్తారు. రెండూ ఒకటి కాదు.

2. ల్యాబులో యంత్రాలు నడుస్తున్నాయా? వీలైతే వెళ్లి చూడండి. డిస్టిలేషన్ కాలమ్, డ్రయర్, హీట్ ఎక్స్‌ఛేంజర్ పిల్లలు చేత్తో నడుపుతారా, దూరం నుంచి చూస్తారా?

3. ఉద్యోగాలు ఏవి? అందరికంటే పెద్ద జీతం గురించి కాదు, మధ్యలో ఉన్న విద్యార్థి జీతం గురించి అడగండి. కెమికల్ కంపెనీల్లో ఎంతమందికి, సాఫ్ట్‌వేర్‌లో ఎంతమందికి వచ్చాయో విడిగా అడగండి.

4. నాలుగేళ్లకు మొత్తం ఖర్చు ఎంత? ఫీజుతో పాటు హాస్టల్, మెస్, రైలు చార్జీలు కలిపి లెక్క వేయండి.

కాగితాలు ముందే

సీటు వచ్చాక కాగితం లేక పోగొట్టుకోవడం కంటే బాధ లేదు. మహారాష్ట్రలో పద్మశాలీలు ఎస్‌బీసీ వర్గంలో ఉన్నారు. కుల ధ్రువీకరణ పత్రంతో పాటు వ్యాలిడిటీ సర్టిఫికెట్, నాన్ క్రీమీలేయర్ కూడా కావాలి. వ్యాలిడిటీకి తాత, తండ్రి కాలం కాగితాలు అడుగుతారు. పెద్దల స్కూలు రికార్డులు వెతకడానికే నెలలు పడతాయి, కాబట్టి పదకొండో తరగతిలోనే మొదలుపెట్టండి. కేంద్ర సంస్థలకు కేంద్రం నమూనాలో వేరే ఓబీసీ పత్రం కావాలి, రాష్ట్రం పత్రం అక్కడ పనికిరాదు. లీవింగ్ సర్టిఫికెట్‌లో మాతృభాష తెలుగు అని, కులం పేరు అక్షరం తప్పు లేకుండా ఉందా చూసుకోండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాం. రాష్ట్ర ప్రభుత్వం 2024-25 నుంచి 8 లక్షల లోపు ఆదాయం ఉన్న ఈడబ్ల్యూఎస్, ఎస్‌ఈబీసీ, ఓబీసీ కుటుంబాల ఆడపిల్లలకు వృత్తి కోర్సుల్లో ట్యూషన్, పరీక్ష ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. ఎస్‌బీసీ వాళ్లకు ఏ పథకం వర్తిస్తుందో మహాడీబీటీ పోర్టల్‌లో, కాలేజీ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఫీజు భయంతో, దూరం భయంతో బిడ్డను ఆపేయకముందు ఆ ఒక్క పని చేయండి.

పదో తరగతి పిల్లలకు

పదకొండో తరగతిలో గణితం వదిలేసి బయాలజీ గ్రూపు ఒక్కటే తీసుకుంటే ఈ దారి మూసుకుపోతుంది. గ్రూపు ఎంచుకునే ముందే ఆలోచించండి. పన్నెండేళ్ల చదువుకు పదో తరగతితో బ్రేకు పడుతుందేమోననే ఇబ్బంది ఉన్నవాళ్లకు డిప్లొమా దారి కూడా ఉంది. డిప్లొమా పూర్తయ్యాక డిగ్రీలో నేరుగా రెండో సంవత్సరంలో చేరొచ్చు.

రోజంతా మగ్గం చప్పుడులో పనిచేసి, పిల్లలకు వేరే దారి వెతికే తల్లిదండ్రులకు తెలియనిది అడగడంలో నామోషీ ఏమీ లేదు. పాత రికార్డుల్లో పేరు తేడా ఉంటే, లీవింగ్ సర్టిఫికెట్ తీసుకుని ముందుగా స్కూలు ఆఫీసుకు రండి.