రోగశయ్య యొద్ద విదూషకుడు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో పిల్లవానికి పెద్ద జబ్బు చేసినచో తల్లిదండ్రులు వానిని రైలెక్కించి గుంటూరు వంటి నగరమునకు తీసికొనిపోవుట కలదు. అచ్చట పిల్లవానికి అంతయు కొత్తయే. మందుల వాసన, ఎరుగని ముఖములు, వేళకు తప్పని సూది. వచ్చిన ప్రతివారును చేయి చాపుమందురు, నోరు తెరువుమందురు. వద్దనుటకు వానికి వీలులేదు. చికిత్సకు అది అవసరమే. కాని రోగబాధకు తోడు, తన మాట చెల్లదను దిగులు పసిమనస్సును కుంగదీయును.

ఈ దిగులును తగ్గించుటకు అనేక దేశములలో విదూషకులు ఆసుపత్రులకు వచ్చుచున్నారు. విదూషకుడు మనకు కొత్తవాడు కాడు. సంస్కృత నాటకములలో రాజుగారి చెలికాడు అతడే. తోలుబొమ్మలాటలో గంభీరమైన కథ నడుమ తెరపైకి దూకి నవ్వించు కేతిగాడును, జుట్టుపోలిగాడును అట్టివారే. అట్టివాడు రోగి మంచము కడకు వచ్చుటయే కొత్త.

1986వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు నగరమందు, బిగ్ ఆపిల్ సర్కస్ స్థాపకులలో ఒకడైన మైకేల్ క్రిస్టెన్‌సెన్ ఈ సేవను క్రమపద్ధతిలో ఆరంభించెను. స్వయముగా విదూషకుడైన అతడు వైద్యుని వేషము వేసి, వైద్యులనే అనుకరించి పిల్లలను నవ్వించెను. 1991లో ప్యారిస్ నగరమందును ఇట్టి సంఘము వెలసెను. మన దేశమున 2016లో ఢిల్లీలో క్లౌన్సెలర్స్ అను సంఘము ఏర్పడెను. దాని సభ్యులు అచ్చటి చాచా నెహ్రూ బాలల ఆసుపత్రిలో చిన్నారులను నవ్వించిరి.

ఈ పని చూచుటకు తేలిక, చేయుటకు కష్టము. విదూషకులు సాధారణముగా ఇద్దరు కలిసి వత్తురు. ముందుగా నర్సుల నడిగి ఏ బిడ్డ స్థితి ఎట్లున్నదో తెలిసికొందురు. చేతులు శుభ్రముగా కడుగుకొందురు. పసివారు జడిసికొందురని ముఖమునకు రంగు ఎక్కువగా పూసికొనరు. చిన్న ఎర్రముక్కు చాలును. గుమ్మము కడ నిలిచి, “లోనికి రావచ్చునా?” అని బిడ్డనే అడుగుదురు. వద్దనినచో నొచ్చుకొనక మరలిపోవుదురు. ఆసుపత్రిలో ఆ బిడ్డ మాట చెల్లినది అచ్చటనే! రమ్మనినచో లోనికి వచ్చి, తలుపునకు ఢీకొందురు, టోపీని చెప్పనుకొందురు, లెక్క తప్పుదురు. బిడ్డ వారిని దిద్దును. మంచముపై నున్నవాడు గురువగును, నిలిచినవారు శిష్యులగుదురు.

నవ్వు రోగమును కుదుర్చునని అనరాదు. మందు చేయవలసిన పని మందే చేయవలెను. 2005లో ఇటలీ పరిశోధకులు ప్రకటించిన ఒక పరిశీలనలో, శస్త్రచికిత్సకు వచ్చిన 40 మంది పిల్లలలో సగముమందికి, మత్తుమందు ఇచ్చు వేళ తల్లితోనో తండ్రితోనో పాటు విదూషకులును తోడుండిరి. ఆ పిల్లలకు భయము తక్కువగా నుండెను. అయినను, పనికి అడ్డమగుచున్నదని అచ్చటి ఉద్యోగులలో ఎక్కువమంది దానిని కొనసాగించుటకు ఇష్టపడలేదు. రెండు మాటలును గమనింపదగినవే. ఎప్పుడు రావలెనో, ఎప్పుడు తొలగవలెనో ఎరిగినవాడే మంచి విదూషకుడు.

జబ్బుపడిన స్నేహితుని చూడబోవు బాలబాలికలకు ఎర్రముక్కు అక్కరలేదు. గుమ్మము కడ ఒక్క క్షణము నిలిచి, “రావచ్చునా?” అని అడిగిన చాలును. రమ్మనుటయో వద్దనుటయో ఆ స్నేహితునికే విడువవలెను.